తెనాలి బండికి కమాన్ కట్టలు

ఎల్బీనగర్ చౌరస్తా నుంచి సాగర్ రోడ్డు ఎక్కితే కొంచెం దూరంలోనే మా షెడ్డు. ఇరుసుకీ బండి చట్రానికీ మధ్య విల్లులా వంగి ఉండే ఇనుప పట్టీల కట్టను మా పనిలో కమాన్ కట్ట అంటారు. బండి మోసే బరువంతా చివరికి దాని మీదే పడుతుంది. అది అరిగినా, వంపు పోయి చదును పడినా, విరిగినా మా దగ్గరికి వస్తారు. బతుకంతా నేను చేసిన పని అదే. మోకాళ్లు మొరాయించాక షెడ్డు నా భాగస్తుడు యాదగిరికి వదిలేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటిపట్టున ఉంటున్నాను.

ఈమధ్య తుర్కయంజాల్‌లో కొత్తగా కమాన్ షాపు పెట్టుకున్నవాళ్లు ఇద్దరు వచ్చి, "పనిల అసలు సంగతులు ఏమన్న చెప్పు పెద్దనాయనా" అన్నారు. ఏ బండికి ఎంత మందం పట్టీ పడుతుందో వాళ్లకి నాకంటే బాగా తెలుసు. ఫోన్లో చూసుకుంటారు. వాళ్ల ఫోన్లో లేనివి నా దగ్గర రెండు మూడు ఉన్నాయి. అవి రాస్తున్నాను.

ఉస్తాద్, కోడిగుడ్లు

నాకు పని నేర్పినాయన చాంద్ ఉస్తాద్. నేను నల్లగొండ నుంచి వచ్చిన కొత్తలో చంపాపేట్‌లో ఆయన షెడ్డులో చేరాను. సుత్తి దెబ్బ చప్పుడు వినే ఆయన పట్టీ ఎక్కడ పగిలిందో చెప్పేవాడని అందరూ అనేవాళ్లు. నిజమే, చెప్పేవాడు. కానీ నేను ఆయన దగ్గర నేర్చుకున్న అసలు పాఠం ఆయన చేసిన తప్పులోంచి వచ్చింది.

ఒక కోళ్ల ఫారం యజమాని గుడ్ల వ్యాన్ తెచ్చి, "కట్ట గట్టిగుండాలె ఉస్తాద్, మళ్ల నీ దగ్గరికి రావొద్దు" అన్నాడు. ఉస్తాద్ అడిగినట్టే చేశాడు. రెండు వైపులా అదనంగా పట్టీలు ఎక్కించి బండిని బండరాయిలా బిగించాడు. యజమాని సంతోషంగా వెళ్లాడు. ఆ వారంలోనే వ్యాన్ డ్రైవర్ వచ్చాడు. చేతిలో అట్ట ట్రే, ట్రే నిండా పగిలిన గుడ్లు, ఆయన లాగు మీద పసుపు సొన.

"ఉస్తాద్, కట్ట మస్తు గట్టిగున్నది. గుడ్లే గట్టిగ లెవ్వు" అన్నాడు.

ఉస్తాద్ పగలబడి నవ్వాడు. నవ్వడం అయ్యాక వెంటనే బండి లేపించి ఎక్కించిన పట్టీలన్నీ తీసేశాడు. చేతులు తుడుచుకుంటూ నాతో, "ఓనర్ చెప్పిండని చేసిన బేటా. నడిపేటోన్ని అడగలే. లోపల ఏం కూసుంటదో అడగలే. నాదే గల్తీ" అన్నాడు. పెద్ద ఉస్తాద్ పనివాళ్ల ముందు తన తప్పు ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు. ఆ పూట మా అందరికీ భోజనంలోకి గుడ్ల కూరే.

ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువగా చెడగొట్టేది "ఇంకో పట్టీ ఎక్కిద్దాం" అనే మాట. బండి కిందికి కూర్చుంటే పట్టీ ఎక్కించు, ఒరిగితే పట్టీ ఎక్కించు, విరిగితే రెండు ఎక్కించు. ఎందుకు కూర్చుందో ఎవరూ అడగరు. కట్ట వంగడానికే ఉంది. దాన్ని వంగనివ్వకపోతే ఏదో ఒక రోజు విరుగుతుంది. దీనికి నేను చూసిన మంచి ఉదాహరణ ఒక తెనాలి బండి.

భట్టీ దగ్గరి మనిషి

ఆ కథ చెప్పేముందు యాదగిరి గురించి చెప్పాలి. మునుగోడు దిక్కు పల్లె వాడిది. మా షెడ్డులో భట్టీ పని యాదగిరిది. పట్టీని ఎర్రగా కాల్చి, వంపు తిప్పి, నూనెలో ముంచి, మళ్లీ సన్నని వేడి మీద పదును దింపడం. ఎరుపులో ఏ ఎరుపు దగ్గర ఆపాలో వాడి కంటికి తెలుసు. నా కంటికి ఎప్పుడూ అంత పట్టుబడలేదు. నేను కొలుస్తాను, బిగిస్తాను, తూకం చూస్తాను. వాడు లేకపోతే కొత్త కట్ట లేదు.

తెలంగాణ ఉద్యమం ముదిరాక వాడు షెడ్డులో కంటే చౌరస్తాలోని శిబిరంలోనే ఎక్కువ కనిపించేవాడు. డప్పు చప్పుడు షెడ్డు దాకా వినపడేది. నాకూ తెలంగాణ రావాలనే ఉండేది. కాకపోతే నేను నినాదం ఇస్తే పక్కవాడికి కూడా వినపడదు. అందుకని నా వంతుగా శిబిరానికి కుర్చీలూ టార్పాలినూ పంపేవాణ్ణి. "అన్నా, నువ్వు సామాన్ల ఉద్యమకారునివి" అని యాదగిరి ఆటపట్టించేవాడు.

ఒరిగిన ఇల్లు

మర్నాటి నుంచి బంద్ అన్న రోజు పొద్దున ఒక పాత వ్యాన్ వచ్చి షెడ్డు ముందు ఆగింది. నడుస్తున్న మనిషికి తుంటి పట్టేసినట్టు కుడివైపుకి ఒరిగి ఉంది. కిటికీలకు పూల తెరలు, వెనక గాజులోంచి మంచం, చిన్న గట్టు మీద గ్యాస్ పొయ్యి కనిపిస్తున్నాయి. బండినే ఇల్లుగా మార్చుకున్నారు.

డ్రైవింగ్ సీట్లోంచి అరవై దాటిన ఆవిడ దిగారు. నూలు చీర, మెడలో తాడుకి వేలాడే కళ్లజోడు. అటువైపు నుంచి భుజాన తువ్వాలుతో ఒక భారీ మనిషి దిగారు.

"పెద్ద అంబర్‌పేట దగ్గర టప్పున చప్పుడైందండీ" అన్నారావిడ. "కుడి వెనక కట్ట. మెయిన్ పట్టీ పోయిందనుకుంటా. చెక్క దిమ్మ ఇరికించి తాడేసి కట్టి, మెల్లగా తీసుకొచ్చాను."

నేను వంగి చూశాను. ఇరుసుకీ చట్రానికీ మధ్య చెక్క పెట్టి, తాడు జారకుండా అడ్డంగా తిప్పి ముడేసి ఉంది. లారీ డ్రైవర్లలోనే అలా కట్టేవాళ్లు తక్కువ.

ఆయన మాత్రం తువ్వాలు దులుపుకుంటూ, "ఇది మూడోసారి మేస్త్రి గారూ. మా ఆవిడ చేతికి కట్టలు ఆగవు" అన్నారు.

ఆవిడ చక్రం వైపు చూస్తూ నిలబడ్డారు.

వాళ్లది తెనాలి. ఆయన సాంబశివరావు గారు, పెళ్లిళ్లకీ శుభకార్యాలకీ వంటలు చేయించిన మనిషి. ఆవిడ మహాలక్ష్మి గారు, ప్రభుత్వ దవాఖానలో నర్సుగా చేసి రిటైరయ్యారు. పల్లెలకి వెళ్లే జీపుకి డ్రైవర్ సరిగ్గా రాక, పురుళ్ల కేసులు ఆగిపోతుంటే చూడలేక తనే డ్రైవింగ్ నేర్చుకున్నారట. ఇంట్లో పొయ్యి ఆయనది, స్టీరింగ్ ఆవిడది. చిన్నప్పటి నుంచి కృష్ణ కాల్వ నీళ్లు తాగి పెరిగారు కాబట్టి, ఆ నది పుట్టిన చోటు చూడాలని మహాబలేశ్వరం బయల్దేరారు.

"అక్కడంతా ఘాట్ రోడ్డట. ఆవిడ వల్ల కాదు. ఇక్కణ్ణించి ఒక డ్రైవర్ని మాట్లాడి పెట్టండి" అన్నారు సాంబశివరావు గారు.

మహాలక్ష్మి గారు తలూపారు. తెలిసిన డ్రైవర్‌తో మాట్లాడి పెడతానన్నాను. ఆయన చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరకి వెళ్లాక నెమ్మదిగా అన్నారు. "నా చేతిలోనే ఏదో తేడా వచ్చింది మేస్త్రి గారూ. నాకు తెలియట్లేదు గానీ కట్టలకి తెలుస్తోంది. తిరిగొచ్చాక బండి అమ్మేద్దామనుకుంటున్నాం."

అలా అంటున్నప్పుడు ఆవిడ చెయ్యి బండి తలుపు మీద ఉంది. పశువుని అమ్మేముందు రైతు నిమిరినట్టు నిమురుతున్నారు.

మంచం కింది అర

బండి లేపి వెనక రెండు కట్టలూ విప్పాను. కుడి కట్టలో ఎక్కడో ఎవరో ఎక్కించిన అదనపు పట్టీలు ఉన్నాయి. అయినా వంపు పోయి బల్లపరుపుగా ఉంది. ఎడమ కట్ట పాతదే, కొంచెమే వాలింది. ముందు కట్టలు చూశాను, బాగున్నాయి. టైర్లు నాలుగూ సమంగా అరిగాయి. బ్రేకులు మెత్తగా వాడిన బ్రేకులు.

గుంతల్లో బండిని దూకించే చెయ్యి అయితే ముందు కట్టలే ముందు పోతాయి. ఈ బండిని నడిపే చెయ్యి చాలా మంచి చెయ్యి. మరి కుడి వెనక ఒక్కటే ఎందుకు చచ్చింది? అక్కడ బరువుంది. ఏం బరువు?

మహాలక్ష్మి గారు మందులు కొనుక్కోవడానికి రోడ్డు అవతలికి వెళ్లారు. నేను సాంబశివరావు గారిని సామానంతా చూపించమన్నాను. నీళ్ల ట్యాంకు కుడివైపే ఉంది. గ్యాస్ సిలిండర్ కుడివైపే ఉంది. డ్రైవర్ ఎలాగూ కుడివైపే. మంచం కింద వరసగా చెక్క అరలున్నాయి. ఎడమ వైపువన్నీ తెరిచారు. దుప్పట్లు, చెప్పులు, ఆవిడ పుస్తకాలు. కుడి మూల అర దగ్గరకి వచ్చేసరికి, "అది వంట సామానండీ" అని తలుపుకి అడ్డంగా నిలబడ్డారు.

"వంట సామానైనా బరువే కద సార్."

"మా ఆవిడ కూడా అది తెరవదండీ. బండి సంగతుల్లో నేను వేలు పెట్టను, వంట సంగతుల్లో తను పెట్టదు. మా ఒప్పందం."

"నేను మీ ఒప్పందంల లేను సార్" అన్నాను.

ఆయన ఒకసారి రోడ్డు వైపు చూసి తలుపు తీశారు. పాత రగ్గులో చుట్టి, కదలకుండా నాలుగు పక్కలా గోనెసంచులు కుక్కి, నల్లరాతి రుబ్బురోలు. పక్కనే పొత్రం. ఒక్క మనిషి ఎత్తగలిగేది కాదు.

ఆయనే చెప్పుకొచ్చారు. మొదటి ప్రయాణంలో మిక్సీ పచ్చడి చేస్తే మహాలక్ష్మి గారు రెండు ముద్దలు తిని పక్కన పెట్టేశారట. రోలు తెచ్చుకుందామని ఈయన అంటే, బండిలో రాళ్లు ఎక్కిస్తే నేను నడపనని ఆవిడ తెగేసి చెప్పారట. తర్వాతి ప్రయాణానికి ఈయన ఇద్దరు మనుషుల్ని పెట్టి, ఆవిడ బజారుకి వెళ్లిన సమయం చూసి రోలు ఎక్కించేశారు. దారిలో పొద్దున్నే ఆవిడ నడకకి వెళ్లినప్పుడు మంచం చెక్క పైకెత్తి పచ్చడి నూరి, మళ్లీ మూసేసేవారు. ఆవిడ తిని, "ఈమధ్య మీ మిక్సీ పచ్చడి రోటి పచ్చడిలా ఉంటోందండీ" అని మెచ్చుకునేవారట.

"అలా అంటుంటే ఇంక ఎలా చెప్పనండీ" అన్నారు. "తర్వాత కట్ట విరిగింది. రోలు గొడవ బయటికొస్తుందని భయమేసి, నువ్వు గుంతలో దింపావన్నాను. ఒకసారి అన్నాక రెండోసారీ అదే అనాల్సి వచ్చింది. మీరు ఆవిడకి చెప్పకండి. దీన్ని మీ షెడ్డులోనే వదిలేసి పోతాను."

"నేను చెప్ప సార్. మీరే చెప్పాలె. మీరు చెప్పేదాక నేను కట్ట ఎక్కియ్య."

"రోలు దింపేస్తానంటున్నాగా."

"రోలు దిగుతది సార్. అమ్మ చేతి మీద మీరు పెట్టిన మాట ఎట్ల దిగుతది?"

ఆయన రగ్గు కొస పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. కొత్తవాళ్లకి ఇది కమాన్ పని కాదనిపించవచ్చు. నా లెక్కలో పనే. తన చెయ్యి మీద తనకి నమ్మకం పోయిన మనిషి ఘాట్ రోడ్డు మీద అవసరం లేని చోట బ్రేకు తొక్కుతుంది. అప్పుడు నేను ఎంత మంచి కట్ట ఎక్కించినా లాభం లేదు. నడిపే మనిషికి బండిలో ఏముందో తెలియాలి.

షట్టర్ సగం దించి

మర్నాడు బంద్ మొదలైంది. బస్సులు లేవు, బజార్లు లేవు. యాదగిరి వచ్చి భట్టీ మీద రేకు కప్పాడు.

"బంద్ అయినంకనే అన్నా. అందరు షట్టర్లు దించినంక మనం ఒక్కలం నిప్పు పెడితే ఏం బాగుంటది" అన్నాడు.

నేను కాదనలేదు. మా షెడ్డు లోపల బండి చెక్క దిమ్మల మీద ఉంది, వెనక కట్టలు నేల మీద ఉన్నాయి, దంపతులిద్దరూ పైన ఉన్నారు. స్టూలు వేసుకుని ఎక్కడం, స్టూలు వేసుకుని దిగడం. హోటల్‌కి పొమ్మంటే మహాలక్ష్మి గారు, "మా ఇల్లు ఇదేగా" అన్నారు. సాంబశివరావు గారు మాకందరికీ వండిపెట్టారు. ప్రతి పొద్దునా నా దగ్గరకి వచ్చి, "ఇవాళ చెప్పేస్తాను" అనేవారు. ప్రతి సాయంత్రం బంద్ ఇంకో రోజు పొడిగించారని వినగానే ఆయన ముఖం వెలిగేది. ఆ బంద్‌కి ఎల్బీనగర్‌లో ఆయనంత గట్టి మద్దతుదారు ఇంకొకరు లేరు.

యాదగిరి మొదట వాళ్లతో అంటీముట్టనట్టు ఉన్నాడు. ఒకరోజు చాయ్ తాగుతూ, "ఏడికి పోతున్నరమ్మా మీరు?" అని అడిగాడు.

"కృష్ణ పుట్టిన చోటు చూద్దామని."

వాడు గ్లాసు కింద పెట్టాడు. "కృష్ణ మా జిల్లా అంచు పొంటనే పారుతదమ్మా. మా ఊరికి మాత్రం రాదు. బోరు నీళ్లు తాగి తాగి మా నాయన నడుము ఇట్ల వంగింది" అని చేత్తో చూపించాడు. ఆ వంపు మా కట్టల వంపులాగే ఉంది.

మహాలక్ష్మి గారు కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "ఫ్లోరైడ్ జబ్బు. పుస్తకంలో చదివి పరీక్ష రాశాను బాబూ. మనిషిని చూడలేదు. మా కాల్వలో నీళ్లు నిండుగా ఉండేవి. ఎవరికి లేక మాకు వస్తున్నాయో ఎప్పుడూ అనుకోలేదు."

"మిమ్మల్ని అంటలేనమ్మా."

"అనొచ్చు, తప్పులేదు" అన్నారావిడ. "మీ నాన్నగారి కీళ్లు ఎలా ఉన్నాయి? లేచి నిలబడగలరా?"

ఇద్దరూ చాలాసేపు ఆ పెద్దాయన గురించే మాట్లాడుకున్నారు. అప్పటి నుంచి యాదగిరి ఆవిణ్ణి 'నర్సమ్మ' అనడం మొదలుపెట్టాడు. శిబిరంలో ఎండకి కళ్లు తిరిగినవాళ్లు ఉంటే వచ్చి ఆవిణ్ణి తీసుకుపోయేవాడు.

చౌరస్తాలో పప్పు

వంటావార్పు అంటే ఇప్పటివాళ్లకి చెప్పాలేమో. జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే బంతుల్లో కూర్చుని తిని నిరసన చెప్పేవాళ్లు. బంద్ నడుస్తుండగా ఒకరోజు మా చౌరస్తా వంతు వచ్చింది. మహాలక్ష్మి గారు పొద్దున్నే వెళ్లి ఆడవాళ్లతో కూర్చుని వంకాయలు తరుగుతున్నారు. వంట బాధ్యత యాదగిరిది. వండాల్సిన మనిషి హయత్‌నగర్ అవతల నుంచి రావాలి, బండ్లు లేక రాలేదు.

నేనూ సాంబశివరావు గారూ అక్కడికి వెళ్లేసరికి అన్నం ఉడుకుతోంది, పప్పు ఉడుకుతోంది, బుట్టల నిండా టమాటాలూ పచ్చిమిరపకాయలూ అలాగే ఉన్నాయి.

"పచ్చడి సంగతేంటి?" అన్నారు సాంబశివరావు గారు.

"మిక్సీకి కరెంట్ ఏడిది సార్, రోడ్డు మీద. గట్లనే కోసి పప్పుల ఏస్తం" అన్నాడు యాదగిరి.

ఆయన ముఖంలో నిజమైన బాధ కనిపించింది. ఉడుకుతున్న పప్పు వైపు చూశారు. బంతుల్లో కూర్చుంటున్న జనం వైపు చూశారు. దూరంగా వంకాయలు తరుగుతున్న భార్య వైపు చూశారు. తువ్వాలు నడుముకి బిగించారు.

"బలమైన వాళ్లని ఇద్దర్ని పంపించు" అన్నారు యాదగిరితో.

కాసేపటికి షెడ్డు వైపు నుంచి చేతిబండి మీద రోలు వచ్చింది. వెనకే ఆయన, పొత్రం భుజాన పెట్టుకుని. రోలు దింపి, కడిగి, రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని నూరడం మొదలుపెట్టారు. వేయించిన మిరపకాయల వాసనకి డప్పు వాయించేవాళ్లు కూడా ఇటు తిరిగారు.

మహాలక్ష్మి గారి కత్తిపీట ఆగింది.

"యాదగిరీ, ఆ రోలు ఎక్కడిది?"

"మీ బండిలదే అమ్మా. మంచం కిందికెల్లి తీసినం" అన్నాడు వాడు. వాడికి ఏమీ తెలియదు.

ఆవిడ లేచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డారు. ఆయన తల ఎత్తలేదు. పొత్రం మాత్రం తిప్పుతూనే ఉన్నారు. ఆవిడ నా వైపు తిరిగారు.

"మీకు తెలుసా మేస్త్రి గారూ?"

"తెలుసమ్మా. సారే చెప్పాలని ఆగిన."

"కట్ట విరిగింది దీనివల్లేనా?"

"దీనొక్కదాని వల్లనే కాదమ్మా. నీళ్ల ట్యాంకు, సిలిండర్ అన్నీ ఆ దిక్కే ఉన్నయి. దాని మీద ఇదొకటి. పట్టీలు ఎక్కించినోళ్లు ఇంకింత చెడగొట్టిన్రు. మీ చెయ్యి వల్ల మాత్రం కాదు. ముందు కట్టలు చూసిన, బ్రేకులు చూసిన. అంత మెత్తగ నడిపిన బండి నా దగ్గరికి ఎన్నడో గాని రాదు."

ఆవిడ పెదవి బిగించుకున్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్టబోతున్నారనే అనుకున్నాను. యాదగిరి అయితే రెండడుగులు వెనక్కి వేశాడు.

"రెండేళ్ల నుంచి నిద్రపట్టక చేతులు చూసుకుంటున్నానండీ" అన్నారు భర్తతో. "వణుకుతున్నాయేమోనని."

ఆయన పొత్రం ఆపారు. "నువ్వు మెచ్చుకుంటుంటే చెప్పలేకపోయాను మహాలక్ష్మీ. తప్పు చేశాను."

చుట్టూ నలుగురూ చేరారు. ఆవిడ వాళ్లని చూశారు, ఖాళీ విస్తళ్ల వైపు చూశారు.

"ముందు నూరండి. జనం ఆకలితో ఉన్నారు. మీ సంగతి తర్వాత" అన్నారు. మళ్లీ వెళ్లి కత్తిపీట ముందు కూర్చున్నారు.

ఆ రోజు పచ్చడి కోసం మూడు బంతులూ అన్నం మళ్లీ పెట్టించుకున్నాయి. యాదగిరి తిని చెయ్యి నాక్కుంటూ, "సార్, జర కారం తక్కువైంది" అన్నాడు. గుంటూరు జిల్లా వంటవాణ్ణి పట్టుకుని కారం తక్కువైందంటావా అని ఆయన మరో గుప్పెడు మిరపకాయలు రోట్లో వేశారు. విస్తరి ముందు కూర్చున్న మహాలక్ష్మి గారు అప్పుడు నవ్వారు.

తుర్కయంజాల్ దాకా

బంద్ సడలగానే యాదగిరి భట్టీ రాజేశాడు. వెనక రెండు వైపులా కొత్త కట్టలే చేశాం. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఎప్పుడూ పెట్టకండి. బండి జీవితాంతం కుంటుతుంది. పట్టీల సంఖ్య మునుపటికంటే తగ్గించాం, వంపు పెంచాం. కట్ట కొసల్లో ఉండే బుష్షులు, కట్టను ఇరుసుకి బిగించే యూ బోల్టులు మార్చాం. అరిగిన బోల్టుతో కొత్త కట్ట బిగించడం అంటే చిరిగిన చొక్కాకి కొత్త గుండీలు కుట్టడమే.

రోలు సంగతి మహాలక్ష్మి గారే తేల్చారు. "వదిలెయ్యొద్దు. ఎక్కడ పెడితే బండికి మంచిదో చెప్పండి" అన్నారు. ఎడమ వైపు, ఇరుసుకి కాస్త ముందు పెట్టమన్నాను. నీళ్ల ట్యాంకుకి అటు తూకం సరిపోతుంది. నేలకి ఇనుప కట్టు బిగించి అందులో కూర్చోబెట్టాం. బండి దించాక దూరంగా నిలబడి చూస్తే, తెరల అంచులు రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉన్నాయి.

కట్ట ఎక్కించాక బండి తోలి చూడాలి. చాలామంది మేస్త్రీలు తామే తోలతారు. నేను నడిపే మనిషి చేతే తోలిస్తాను. మహాలక్ష్మి గారు సీట్లో కూర్చున్నారు, నేను పక్కన కూర్చున్నాను. సాంబశివరావు గారు ముందుకి ఎక్కబోతే, "మీరు వెనక రోలు దగ్గర కూర్చోండి" అన్నారు. ఆయన మారు మాట్లాడకుండా వెళ్లి కూర్చున్నారు. నేను నిండా నీళ్లు పోసిన చెంబు ఆయన ముందు పెట్టాను. తర్వాత వాళ్లు మహాబలేశ్వరం వెళ్లారని, ఘాట్ అంతా ఆవిడే ఎక్కించారని ఫోన్లో తెలిసింది. నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది మాత్రం బండి తోలి చూసిన ఆ సాయంత్రమే.

సాగర్ రోడ్డు మీద మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆవిడ చాలా ముందే బ్రేకు వేశారు, దొంగతనంగా దాటుతున్నట్టు. రెండోదాని దగ్గర కొంచెం ధైర్యం చేశారు. కట్ట వంగి, లేచి, నిలబడింది. ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత ఆవిడ భుజాలు వదులయ్యాయి. గేరు మార్చారు. కిటికీ అద్దం దించారు.

తుర్కయంజాల్ దగ్గర పక్కకి ఆపి వెనక్కి తిరిగారు.

"ఏవండీ, వెనక ఎలా ఉంది?"

ఆయన చెంబు ఎత్తి చూపించారు. "ఒక్క చుక్క కింద పడలేదు. నీ చెయ్యి ఎప్పుడూ బాగానే ఉంది మహాలక్ష్మీ. నా నోరే బాగాలేదు."

ఆవిడ ముందుకి తిరిగారు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పరిచి, వాటి వైపు కాసేపు చూసుకున్నారు.

"మేస్త్రి గారూ, మీరు మాట్లాడిన డ్రైవర్‌ని రావద్దని చెప్పండి."

"చెప్తనమ్మా. ఇగ బండి తిప్పుకోండి, పోదాం" అన్నాను.

ఆవిడ అద్దంలో వెనక్కి చూశారు. ముందు రోడ్డు ఖాళీగా ఉంది.

"మీకు పనేమీ లేకపోతే, ఇంకొంచెం దూరం పోయి వద్దామా?"

"పోనియ్యండమ్మా" అన్నాను. ఆవిడ అప్పటికే గేరు వేసేశారు.